పక్కన మనిషి పట్టే మంచం

పిల్ల మంచం ఎంత వెడల్పు ఉండాలో తేల్చుకుంటే, ఇంట్లో తేలని సంగతులు చాలా వాటంతట అవే తేలిపోతాయి. రాత్రి పిల్ల పక్కన ఎవరైనా పడుకుంటారా, పడుకుంటే ఎంతసేపు, కథ ఏ భాషలో చెబుతారు, ఊరి నుంచి అమ్మమ్మ వస్తే ఎక్కడ నడుం వాలుస్తుంది, ఇవన్నీ ఆ కొలతలోనే ఉన్నాయి. క్రిబ్, అంటే చుట్టూ కమ్మీలున్న పసిపిల్లల మంచం, దాటిపోతున్న మా పాప కోసం మంచం వెతుకుతూ ఈ మధ్య నేను ఆలోచించింది దీని గురించే. నా అభిప్రాయం ముందే చెబుతాను. మనలాంటి ఇళ్లలో పిల్లకు కొనే మొదటి మంచం మీద పెద్దవాళ్లు ఒకరు హాయిగా పడుకోగలగాలి.

మాది నెల్లూరు మూలాపేట. మావారిది పాత ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర పల్లె. ఉంటున్నది డల్లాస్ శివార్లలో. పాపకు మూడేళ్లు నిండబోతున్నాయి. పుట్టినప్పటి నుంచి మా పడకగదిలోనే, మా మంచానికి కాస్త ఎడంగా వేసిన క్రిబ్‌లో పెరిగింది. పసిబిడ్డలను పెద్దల పరుపు మీద పడుకోబెట్టవద్దని, కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే విడిగా, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టమని ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. దాన్ని మేము అక్షరాలా పాటించాం. అప్పట్లో ఫోనులో చూసినప్పుడల్లా అమ్మ బాధపడేది. ‘పసిగుడ్డును కటకటాల్లో పెట్టారేమిటి తల్లీ’ అనేది. ఆమెకు తెలిసిన పద్ధతి వేరు. దూలానికి కట్టిన పాత వెంకటగిరి నూలు చీర ఉయ్యాల, ఆ వయసు దాటాక అవ్వ పక్కన చాప. మా ఇంట్లో పిల్లలందరం అలాగే పెరిగాం. అయినా నిద్రలో పసిబిడ్డకు ఊపిరాడకపోయే ప్రమాదం ఏ దేశంలోనైనా ఒకటే కనుక, ఆ మొదటి ఏడాది విషయంలో నేను వైద్యుల మాటకే కట్టుబడ్డాను. మూడేళ్ల పిల్ల సంగతి అది కాదు. ఈ వయసులో ఎవరి పక్కన పడుకోవాలన్నది ఇంటివాళ్లు తేల్చుకోవలసినదే.

జూన్‌లో ఊరికి వెళ్లినప్పుడు పాపకు చుట్టూ కమ్మీలు లేని నిద్ర దొరికింది. మూలాపేటలో హాలులో నేల మీద పరుపులు వేసి, అందరికీ కలిపి పెద్ద దోమతెర కట్టారు. నెల్లూరు దోమల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పాప అమ్మమ్మ పక్కన నిద్రపోయి, తెల్లవారేసరికి మా అన్నయ్య పిల్లల మధ్య తేలేది. కనిగిరి వైపు అత్తగారింట్లో అయితే వాకిట్లో నులక మంచం. అక్కడ జూన్‌లో కూడా పగటి వేడి చాలా రాత్రయ్యేదాకా గోడలను వదలదు, అందుకని అందరూ ఆరుబయటే పడుకుంటారు. నులక మధ్యలో కాస్త కుంగి ఉంటుంది కాబట్టి పిల్ల ఎటు దొర్లినా నడిమికే వస్తుంది. కాళ్లవైపు తాళ్ల సందుల్లో పాదం ఇరుక్కోకుండా మా అత్తయ్య మడతపెట్టిన బొంత పరిచేవారు. తాను ఆనించి వేసుకున్న పక్క మంచం మీద, ఒక చెయ్యి పాప మీదే ఉంచి పడుకునేవారు.

డల్లాస్ తిరిగి వచ్చాక పదిన్నర గంటల కాలం తేడాతో పాపకు అర్ధరాత్రి మెలకువలు మొదలయ్యాయి. మెలకువ రాగానే ‘అమ్మమ్మా’ అని పిలుస్తూ క్రిబ్ కమ్మీ మీదికి కాలు వేసేది. పరుపును అప్పటికే అన్నిటికంటే కింది మెట్టుకు దించి ఉంచాం. ఇంకా దించడానికి చోటు లేదు. దీనికి ఇక్కడి పిల్లల వైద్యులు చెప్పే లెక్క సులువైనది. పిల్ల ఎత్తు 35 అంగుళాలు, అంటే సుమారు 89 సెంటీమీటర్లు అయినా, నిలబడ్డప్పుడు కమ్మీ ఆమె ఎత్తులో నాలుగింట మూడు వంతులకు తగ్గినా క్రిబ్ మానిపించాలి. తలుపు చట్రానికి నిలబెట్టి గీత గీసి చూశాం. రెండూ దాటిపోయాయి.

దుకాణంలో ముందుగా చూపించింది టాడ్లర్ బెడ్, అంటే క్రిబ్ దాటిన చిన్నపిల్లల మంచం. చూడముచ్చటగా ఉంటుంది, నేలకు దగ్గరగా ఉంటుంది, క్రిబ్ పరుపే దానికి సరిపోతుంది. అంటే సుమారు 28 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు. అమెరికా ప్రమాణం ప్రకారం అది 15 నెలలు దాటి, 50 పౌండ్లకు మించని పిల్లల కోసం చేసినది. ఆ బరువు మన లెక్కలో 23 కిలోలకు కొంచెం తక్కువ. ఆ మంచం మీద నేను పడుకోకూడదు, మావారు కూర్చోకూడదు, అమ్మ వచ్చి కథ చెప్పాలంటే పక్కన కుర్చీ వేసుకోవాలి. పిల్ల ఒక్కతే నిద్రపోతుందన్న ఊహతో తయారైన మంచం అది. అలా పెంచుకునే ఇళ్లకు అది చక్కగా సరిపోతుంది. ఆ ఊహ మా ఇంటిది కాదు.

పక్కన చోటు కోసం నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ముద్దు మురిపెం ఒక్కటే కాదు. పాప పగలంతా డేకేర్‌లో ఉంటుంది. ఆటలు, పాటలు, అలకలు, స్నేహాలు అన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి. సాయంత్రం ఇంటికి వచ్చాక వంట, అన్నం, స్నానం హడావుడిలో మేము మాట్లాడే తెలుగంతా ‘రా, తిను, వద్దు, పద’ వరకే. దీపం ఆర్పిన తర్వాత అరగంట ఒక్కటే మిగులుతుంది. అప్పుడు చేతిలో ఫోను ఉండదు, చూడటానికి బొమ్మ ఉండదు, కాబట్టి మాటే దిక్కు. పక్కన పడుకుని చెబితేనే పిల్ల అడ్డుప్రశ్నలు వేస్తుంది. రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టె ఎందుకు మార్చుకుంటారు, పెన్నలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, తాతయ్య చిన్నప్పుడు బడికి ఏ పలక పట్టుకుని వెళ్లాడు, అది మార్కాపురం రాయితో చేసిందే ఎందుకు, ఇలా సాగిపోతాయి. ప్రశ్న సగం ఇంగ్లీషులో మొదలైనా నేను తెలుగులో చెప్పే కొద్దీ ఆమె కూడా ఇటు వచ్చేస్తుంది. కుర్చీలో కూర్చుని చెప్పి చూశాను. అయిదు నిమిషాలకే నాకు పెండింగులో ఉన్న పనులు గుర్తుకు వచ్చి లేవబుద్ధి అవుతుంది. నడుం వాల్చితే అరగంట దానంతట అదే గడుస్తుంది. వారాంతపు తెలుగు బడులు మంచివే, మేమూ చేర్పిస్తాం. కానీ మూడేళ్ల పిల్లకు తెలుగు అందేది ఆ చీకట్లోనే.

అందుకే ట్విన్ అనే ఒక్కరి మంచం కూడా వద్దనుకున్నాను. దాని వెడల్పు 38 అంగుళాలు, మూడడుగులకు రెండంగుళాలు ఎక్కువ. తల్లీ పిల్లా ఇరుక్కుని పడుకోవచ్చు, అంతే. ఫుల్ అనే కొలతలో 54 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు వస్తాయి. అంటే నాలుగున్నర అడుగులకు ఆరుంబావు అడుగులు. గదిలో ఆడుకునే చోటు తగ్గుతుందని మావారు టేపు పట్టుకుని నేల మీద గీతలు అంటించి చూపించారు. నిజంగానే తగ్గింది. ఆటకు హాలు ఉంది కదా అన్నాను.

ఇద్దరినీ కాసేపు తికమక పెట్టింది ఎత్తు. పిల్ల పడినా దెబ్బ తగలకుండా ఉండాలంటే పరుపు నేలకు దగ్గరగా ఉండాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆమె మా దగ్గరికి వస్తే సాధారణంగా ఆరు నెలలు ఉంటుంది, ఆ ఆరు నెలలూ మధ్యాహ్నం కునుకు పాప గదిలోనే. నేల మీది పరుపు మీద నుంచి లేవాలంటే ఆమె గోడ పట్టుకోవాలి. మూలాపేటలో హాలులో పడుకున్నప్పుడు కూడా తెల్లవారి ఆమెను లేపడానికి వదినో నేనో చెయ్యి ఇచ్చేవాళ్లం. అందుకని ఎనిమిది అంగుళాల చట్రం, దాని మీద ఎనిమిది అంగుళాల గట్టి పరుపు తీసుకున్నాం. పదహారు అంగుళాల ఎత్తు కుర్చీ కంటే కొంచెం తక్కువ, అమ్మ అంచున కూర్చుని లేవగలదు. పాప కోసం తలవైపు సగభాగానికి కిందికి మడిచే కమ్మీ బిగించి, కింద మందపాటి జంపఖానా వేశాం. ఇలాంటి కమ్మీలు తమంతట తాము మంచం ఎక్కి దిగగలిగే రెండు నుంచి అయిదేళ్ల పిల్లల కోసమే. అంతకన్నా చిన్నవాళ్లు కమ్మీకీ పరుపుకూ మధ్య ఇరుక్కునే ప్రమాదం ఉంది. రెండోవైపు గోడ. అక్కడా సందు ఉండకూడదు. పరుపును పూర్తిగా గోడకు ఆనించాలి, లేదా పిల్ల జారినా చిక్కుకోనంత దూరం జరపాలి.

అత్తయ్య పెట్టిన షరతు ఒక్కటే, తల ఉత్తరం వైపు ఉండకూడదు. దక్షిణం గోడకు కిటికీ, దానికి తెర తాళ్లు ఉన్నాయి. పిల్ల చేతికి తాళ్లు అందే చోట మంచం వేయడం నాకు ఇష్టం లేదు. తూర్పు తల ఖాయం చేశాం. బట్టల సొరుగులున్న బీరువాను గోడకు బిగించాం. అలాంటివి ఒరిగి పడకుండా ఉండాలని 2023 సెప్టెంబరు నుంచి అమెరికాలో కొత్త ప్రమాణం తప్పనిసరి చేశారు, మాది అంతకు ముందు కొన్నది. ఇకపై రాత్రి పాప తనంతట తాను మంచం దిగి తిరగగలదు కాబట్టి, మంచం కంటే ముందు ఈ బీరువా పని చూసుకోవడం మంచిదని నా ఉద్దేశం. ఒకదాని మీద ఒకటి ఉండే బంక్ బెడ్ సలహా కూడా వచ్చింది. పై మంచం ఆరేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు, ఆ సంగతి అక్కడితో వదిలేశాం.

క్రిబ్‌ను ఆత్మకూరు నుంచి వచ్చి మా పక్క వీధిలో ఉంటున్న ఒక జంటకు ఇచ్చాం. మనవాళ్లలో ఇలా క్రిబ్‌లు చేతులు మారడం మామూలే. తీసుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. పక్క కమ్మీ కిందికి జారే రకం క్రిబ్‌ల తయారీని, అమ్మకాన్ని అమెరికాలో 2011 జూన్ 28 నుంచి నిషేధించారు. ఎంత ఆప్తులు ఇచ్చినా అది వద్దు. మరలు అన్నీ ఉన్నాయో లేదో కూడా లెక్క చూసుకోవాలి.

ఇక రెండో మంచం. డల్లాస్‌లో ఫుల్ కొన్నామని తెలియగానే నాన్న మూలాపేటలోనూ పాపకు సొంత మంచం ఉండాలన్నారు. వీధి చివర ఆచారిని పిలిపించి వేపచెక్కతో చేయమని చెప్పారు. తరిమెన పట్టిన మంచపు కోళ్లు, దోమతెరకు నాలుగు స్తంభాలు, చుట్టూ అందమైన కడ్డీల పిట్టగోడ. ఫోనులో బొమ్మ చూస్తే నాకే ముచ్చటేసింది. కానీ కడ్డీకీ కడ్డీకీ మధ్య నాలుగంగుళాల సందు వదిలారు. ‘నాన్నా, ఆ సందు వద్దు’ అన్నాను. క్రిబ్ కడ్డీల మధ్య ఇక్కడ అనుమతించే సందు ఆరు సెంటీమీటర్లు, అంటే రెండుంబావు అంగుళాలకు కాస్త పైన. పిల్ల ఒళ్లు దూరి తల దూరకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆచారి మొదట ఒప్పుకోలేదు, తన చేతి మీద ఎన్నో మంచాలు వెళ్లాయన్నారు. నాన్న మా అన్నయ్య చిన్నబ్బాయిని ఆ కడ్డీల పక్కన నిలబెట్టి కొలిచి చూపించాక మెత్తబడ్డారు. ఇప్పుడు తలవైపు సగానికి కడ్డీలు లేని నిండు పలక వస్తుంది. పరుపు వేశాక కూడా దాని అంచు అయిదంగుళాలు పైకి ఉండాలని చెప్పాను, బంక్ బెడ్‌లకు ఇక్కడ ఉన్న నిబంధన అదే. దోమతెర ఉంది కదా, పడదులే అని అమ్మ అంది. దోమతెర దోమలనే ఆపుతుంది, దొర్లే పిల్లను ఆపదు. వెడల్పు మాత్రం నేను చెప్పకముందే నాన్న నాలుగున్నర అడుగులు రాయించారు. ‘మీ అమ్మ పడుకోవద్దూ’ అన్నారు.

పరుపు దగ్గర ఇంకా మాట తేలలేదు. నాన్నకు బూరుగు దూది కావాలి. అది కొన్నాళ్లకు అణిగి గుంట పడుతుంది, ఆ గుంటలోంచి లేవడం అమ్మ మోకాళ్లకు కష్టం. నేను కొబ్బరి పీచు పరుపు అంటున్నాను. మేము వెళ్లేది సంక్రాంతికి. నెల్లూరుకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఆ తేమలో వార్నీషు సరిగా ఆరదు, గదిలో వాసన నిలిచిపోతుంది. అందుకని పరుపు సంగతి ఎలా ఉన్నా, వార్నీషు పని సెప్టెంబరులోనే ముగించి, మంచాన్ని కొన్నాళ్లు మేడ మీది వరండాలో గాలికి ఉంచమని ఆచారికి చెప్పించాం.