పరాన్నజీవి చచ్చిందా, ఎర్రకణమే పగిలిందా?

వానలు పడితే పాడేరు, అరకు వైపు మలేరియా భయం ఎలాగూ ఉంటుంది. అందుకే విశాఖలో బయోకెమిస్ట్రీ చదివేవాళ్లని "విషంతో మలేరియా మందు" అనే ప్రాజెక్టు ఊరిస్తుంది. ఆశ ఉత్తదేం కాదు. ట్రినిడాడ్ టరాంటులా సాలీడు విషంలోని రెండు పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్ ముక్కలు; 33, 28 అమైనో ఆమ్లాలవి) మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారం పెరగకుండా ఆపాయని 2004లో తేలింది. ఎర్రకణం పొరకి గట్టిగా అతుక్కున్నా దాన్ని దాదాపు పగలగొట్టలేదు. వాటి విలువంతా అక్కడే ఉంది.

ఎందుకంటే పరాన్నజీవి కాపురం ఎర్రకణంలోనే. ఇల్లు కూలితే లోపలున్నదీ పోతుంది. తేనెటీగ విషంలోని మెలిటిన్ ఎర్రకణాలని పగలగొట్టేదే. ముడి విషంతో వచ్చే గొప్ప ఫలితాల్లో చాలావాటి వెనక ఇదే ఉంటుందని నా అనుమానం.

అందుకే రెండు ప్లేట్లు కావాలి. మొదటిది మందు పరీక్ష: 96 గుంటల ప్లేటులో గుంటకి 100 మైక్రోలీటర్ల పరాన్నజీవి కల్చర్ పోయండి. హెమటోక్రిట్ (ఎర్రకణాల వాటా) 2 శాతం, పారసైటీమియా (వాటిలో పరాన్నజీవి పట్టిన కణాల వాటా) 0.5 శాతం, 5 శాతం సార్బిటాల్‌తో ఒకే వయసుకి తెచ్చిన రింగులు (కణంలో పరాన్నజీవి తొలి దశ). విషం మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి సగం సగం తగ్గించుకుంటూ రండి. 72 గంటల తర్వాత, డీఎన్ఏకి అంటుకుని వెలిగే రంగు సైబర్ గ్రీన్‌తో చదవాలి. క్లోరోక్విన్ కంట్రోల్ 3డీ7 (క్లోరోక్విన్‌కి లొంగే ఫాల్సిపారం రకం) మీద నానోమోలార్లలో పనిచేయకపోతే ఆ ప్లేటు పారేయండి.

పక్కన రెండో ప్లేటు: అదే రక్తం, అవే డోసులు, పరాన్నజీవి మాత్రం ఉండదు. 1 శాతం ట్రైటాన్ (కణాలన్నిటినీ పగలగొట్టే డిటర్జెంట్) వేసిన గుంట నూరు శాతం పగిలినట్టు లెక్క. సెంట్రిఫ్యూజ్ చేసి, పగిలిన కణాల హిమోగ్లోబిన్ కోసం పైనీటిని 540 నానోమీటర్ల దగ్గర చూడండి. గంటకే చూసి "పగల్లేదు" అని రాసేస్తుంటారు. మందు పరీక్ష 72 గంటలైతే ఇదీ 72 గంటలే. పైనీరు గులాబీరంగు తిరిగిన డోసులో వచ్చిన ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

పాము, తేనెటీగ విషాల్లో కొవ్వుల్ని కోసే ఎంజైము ఫాస్ఫోలైపేజ్‌ది ఇంకో తిరకాసు. అది సీరంలో కొవ్వు మోసే లైపోప్రోటీన్లని విరిచి, ఆ ముక్కలతో పరాన్నజీవిని చంపుతుంది. మీడియంలో సీరం తీసేసి ఆల్బుమాక్స్ (సీరానికి బదులు వాడే ఆల్బుమిన్) వేస్తే లెక్క మారిపోతుంది. ఏది వాడారో రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

మన సముద్రపు తేమ సంగతి మరవద్దు. ఫ్రీజర్లోంచి తీసిన పొడి విషం సీసా వెంటనే తెరిస్తే తేమ లాగేసుకుని ముద్దవుతుంది, తూకమూ తప్పుతుంది. మూత బిగించి ఉంచే గది వేడికి రానివ్వండి.

పాములవాళ్లని పిలిచి విషం తీయించడం వద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా అది నేరం. తమిళనాడులో పాములు పట్టి విషం తీసే ఇరులుల (గిరిజన తెగ) సహకార సంఘం 1978 నుంచీ ఉంది, ముందు అక్కడ అడగండి.