ఉరుముల పాఠం, రెండు డెమోలు: నా అనుభవం

తిరుపతిలో ఒక స్కూలు వాళ్ళు సైన్స్ టీచర్‌గా చేరమని నిన్న సాయంత్రం ఫోన్ చేశారు. అప్లికేషన్, రాతపరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. చెప్పాల్సింది అంతకుముందు వేరే స్కూల్లో ఇచ్చిన డెమో (ఉద్యోగం కోసం పిల్లల ముందు చెప్పి చూపించే పాఠం) గురించి.

ఏడో తరగతి. ఉరుముల వాన ఎలా పుడుతుందో చెప్పమన్నారు. నేల కాలుతుంది, తేమగాలి వేడెక్కి పైకి పోతుంది, చల్లబడి మేఘమవుతుంది అని బోర్డు మీద బొమ్మ వేశాను. మూడో బెంచీ అబ్బాయి లేచాడు. "మేడం, చల్లబడితే బరువెక్కి కిందికి రావాలి కదా? మరి మేఘం అంత ఎత్తు ఎట్లా పెరుగుతుంది?"

నాకు తెలియలేదు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ పిల్లలందరి ముందే "ఈ మాత్రం తెలియకుండా టీచర్ ఉద్యోగానికి వచ్చేస్తారు" అన్నారు. బీఈడీ చేసి ఆరేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని! చిత్తూరు బస్సులో కళ్ళు తుడుచుకుంటూనే కూర్చున్నా. గాదంకి దాటుతుంటే ఇంకా బాధేసింది. ఆకాశాన్ని రాడార్‌తో పరిశోధించే జాతీయ ప్రయోగశాల అక్కడే ఉంది. దాని పక్కనుంచే రోజూ తిరిగే నాకు ఒక మేఘం సంగతి తెలియలేదు. అయినా పిల్లల ముందు టీచర్‌ని చిన్నబుచ్చితే, రేపు ఆ పిల్లలు ఏ టీచర్‌ని గౌరవిస్తారు?

మర్నాడు ఇడ్లీపాత్ర మూత తీస్తే ఆవిరి తగిలి వేళ్ళు చుర్రుమన్నాయి. అప్పుడు వెలిగింది. ఆవిరి నీరయ్యేటప్పుడు తనలోని వేడిని వదిలేస్తుంది. గుప్తోష్ణం! మేఘంలోనూ అంతే. ఒక్కో గ్రాము ఆవిరి చినుకులైతే దాదాపు 600 కేలరీల వేడి ఆ గాలికే చేరుతుంది. పొడిగాలి కిలోమీటరు పైకెక్కితే సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది. మేఘంలోని గాలి మొదట్లో 4, 5 డిగ్రీలే. చుట్టుపక్కల గాలికంటే వెచ్చగా ఉన్నంతసేపూ అది ఎక్కుతూనే ఉంటుంది, మన వైపు ఒక్కోసారి 15 కిలోమీటర్ల దాకా. ఆ పైన మంచు పలుకులు, మెత్తని మంచు ఉండలు ఒకదానికొకటి తగిలి ధన, రుణ విద్యుదావేశాలు విడిపోతాయి. మెరుపు అక్కణ్ణుంచే.

రెండో స్కూల్లో, అంటే నిన్న ఫోన్ చేసిన తిరుపతి స్కూల్లో, ఇడ్లీపాత్రతోనే మొదలుపెట్టి, ఆ అబ్బాయి ప్రశ్నను నేనే పిల్లల్ని అడిగాను. పది నిమిషాల డెమో అన్నవాళ్ళు అరగంట ఆపలేదు.

డెమోకి వెళ్ళేవాళ్ళు టాపిక్ ముందురోజే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదిలి రాకండి. మొదటి స్కూలు వాళ్ళు నావి తిరిగివ్వడానికి నాలుగు రోజులు తిప్పారు.