అద్దె తక్కువంటే ఎందుకు తక్కువో అడిగాను

నా భయం రాత్రి గురించి. మా అమ్మ భయం నీళ్ల గురించి. విజయవాడలో మా ఇద్దరికీ అద్దె ఇల్లు దొరకడం అంత ఆలస్యమైంది డబ్బు చాలక మాత్రమే కాదు, ఈ రెండు భయాలకూ ఒకే వీధి సరిపోక కూడా.

నేను సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. అంతకుముందు హాస్టల్‌లో ఉండేదాన్ని. దివిసీమలో ఒంటరిగా ఉంటున్న అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువవడంతో నిరుడు దసరా వెళ్లాక ఇద్దరం కలిసి ఉందామనుకున్నాం. నా జీతం 24 వేలు. అమ్మకు వచ్చే పింఛను 4 వేలు. అందులోంచి తమ్ముడి చదువుకు పంపాలి. అద్దె 8 వేలు దాటకూడదని గీత గీసుకున్నాను. మధ్యాహ్నం డ్యూటీ రెండింటి నుంచి ఎనిమిది వరకు అంటారు గానీ, వచ్చినవాళ్లకు రోగుల సంగతులన్నీ అప్పగించి బయటపడేసరికి తొమ్మిదవుతుంది. రాత్రి డ్యూటీ వారంలో అమ్మ ఒక్కతే ఇంట్లో ఉండాలి. కాబట్టి నేను వెతకాల్సింది రాత్రి తొమ్మిదిన్నరకు నేను నడిచి రాగలిగిన వీధి, నేను లేని రాత్రి అమ్మ నిద్రపోగలిగిన ఇల్లు.

మా ఆసుపత్రిలో చాలామంది సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఉంటారు. అక్కడ రెండు గదులూ వంటిల్లూ 5,500కే చూపించారు. గోడలకు కొత్తగా సున్నం వేశారు. అమ్మ ఏమీ మాట్లాడకుండా కిటికీ దగ్గరికి వెళ్లి గోడను చేత్తో తడిమింది. కిటికీ పైఅంచు దాకా ఒక రంగు, ఆపైన ఇంకొక రంగు. ఇంటాయన అది పాత మరక అన్నారు. పక్కింటావిడ మాత్రం దాచలేదు. 2024 సెప్టెంబరు ఒకటో తేదీ పొద్దున నిద్ర లేచేసరికి గడప దాటి నీళ్లు వచ్చాయట, మధ్యాహ్నానికి మేడమీదికి ఎక్కారట, ఆ తర్వాత పడవల్లో ఫ్లైఓవర్ దాకా చేరారట.

ఆ ఏడాది ఏం జరిగిందో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. మైలవరం కొండల నుంచి దిగే బుడమేరు వాగు వరదను వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలుపుతారు. ఆ మళ్లింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. కొల్లేటికి పోవలసిన దారి ఎక్కడికక్కడ ఇరుకై ఉంది. నీళ్లకు పల్లంలో ఉన్న సింగ్‌నగర్ దొరికింది. 2005లోనూ బుడమేరు ఇలాగే నగరం మీద పడింది.

అదే ఇంటి మొదటి అంతస్తు అద్దె 7 వేలు. గదులు అవే, కొలతలు అవే. అంటే బుడమేరుకు ఆ వీధిలో నెలకు 1,500 రూపాయల ధర కట్టారన్నమాట. నాకు ఆ లెక్క నచ్చింది కూడా. ఇరవై ఏళ్లలో రెండుసార్లు వచ్చే వరద ఎక్కడ, నెలలో పది పన్నెండు రాత్రులు నేను నడవాల్సిన వీధి ఎక్కడ! ఆ వీధి మంచిదే, తొమ్మిదింటికి కూడా సందడిగా ఉంది. మేడమీద ఉంటే ప్రాణానికి ఏమీ కాదని అమ్మతో వాదించాను. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయినప్పుడు అమ్మకు పదేళ్లు. ఆ కథ ఆమె మళ్లీ చెప్పలేదు. ఒకే మాట అడిగింది: "నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు నీళ్లొస్తే నువ్వు నా దగ్గరికి ఎలా వస్తావే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ వరదలో మేడల మీద ప్రాణాలు దక్కించుకున్నవాళ్లకు కూడా రోజుల తరబడి కరెంటు లేదు, తాగునీరు లేదు. అమ్మకు బీపీ మాత్రలు ఒక్కపూట తప్పినా తల తిరుగుతుంది. వరద వచ్చిన రోజు ఆసుపత్రి నన్ను ఇంటికి పంపదు కూడా, ఆ రోజే మా అవసరం ఎక్కువ. అలా సింగ్‌నగర్‌ను వదిలేశాం. అక్కడ లక్షల మంది ఉంటున్నారు, వాళ్లకు తెలియక కాదు. ఇంట్లో కాస్త బలమున్న మగవాడో వయసు కుర్రవాడో ఉండి ఉంటే మేమూ అక్కడే ఉండేవాళ్లం.

నీళ్లు ఎక్కని చోటు కావాలంటే కొండ ఎక్కమన్నారు. చిట్టినగర్ వైపు, మొగల్రాజపురం వైపు కొండవాలు మీద అద్దెలు నిజంగానే తక్కువ. అమ్మ మొదట సంబరపడింది, మెట్లు చూశాక కూర్చుండిపోయింది. ఆటో పైకి రాదు, మెట్ల దారిలో దీపాలు అక్కడొకటి ఇక్కడొకటి. పైగా 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్లమీద పడి ప్రాణాలు పోయిన సంగతి ఎవరు మరిచిపోతారు? సింగ్‌నగర్ మునిగింది ఆ మర్నాడే. ఒక్క వానకు పల్లమూ మెరకా రెండూ మోసం చేసిన ఊరు ఇది.

పోరంకి, గొల్లపూడి కూడా చూశాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి దూరమైనా పర్వాలేదని స్నేహితురాళ్లు చెప్పారు. పగటి డ్యూటీ చేసేవాళ్లకు ఆ సలహా బంగారమే. రాత్రి తొమ్మిది తర్వాత స్టాపులో ఒంటరిగా నిలబడి ఎప్పుడొస్తుందో తెలియని బస్సు కోసం చూడటం మాత్రం ఉచితం కాదు.

సత్యనారాయణపురంలో ఒక వాటా చూడగానే నచ్చింది. ప్రశాంతమైన సందు, బావి నీళ్లు, ఇంటివాళ్లు కిందనే ఉంటారు. అద్దె 9,500, నా గీత దాటినా సరే అనుకున్నాను. "మగవాళ్లెవరూ లేరా అమ్మా?" అన్న ప్రశ్న ప్రతి చోటా ఎదురవుతూనే ఉంది, దానికి అలవాటు పడ్డాను. మా కులమేమిటో చుట్టూ తిప్పి అడగడానికీ అలవాటు పడ్డాను. ఇక్కడ కొత్తగా ఒక నియమం చెప్పారు. రాత్రి తొమ్మిదిన్నరకు గేటుకు తాళం వేస్తారు, తాళంచెవి అద్దెవాళ్లకు ఇవ్వరు. "మీ క్షేమం కోసమేనమ్మా" అన్నారు పెద్దావిడ. నేను పది నిమిషాలు ఆలస్యమైతే గేటు బయట చీకట్లో నిలబడి ఫోను చేస్తూ ఉండాలి, వాళ్లు నిద్ర మధ్యలో లేచి రావాలి. ఆ తాళం ఎవరి క్షేమానికో నాకు అర్థం కాలేదు. అమ్మకు మాత్రం ఆ ఇల్లు ఇప్పటికీ గుర్తొస్తుంది, బావి ఉందని.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఇల్లు పగలు చూసినా, వీధిని నేను ఇంటికి చేరే వేళకే చూసేదాన్ని. వీధి గురించి ఇంటి ఓనరును ఏమీ అడిగేదాన్ని కాదు, ఇస్త్రీ బండి ఆయననూ టిఫిను బండి ఆవిడనూ అడిగేదాన్ని. మద్యం దుకాణం ఎక్కడుందో ముందు చూసుకునేదాన్ని. అది పదింటికి మూస్తారు, కాబట్టి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా దాని ముందున్న రోడ్డే అసలు పరీక్ష. ఇల్లు ఎంత బాగున్నా ఆ రోడ్డు మీదుగా తప్ప వేరే దారి లేకపోతే వద్దనుకునేదాన్ని. ముందున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారని తప్పకుండా అడిగేదాన్ని. ఆ ప్రశ్నకు జవాబు తడబడితే మిగతావి అడగనక్కర్లేదు.

కృష్ణలంక అనగానే తోటి నర్సులు వద్దన్నారు. బస్టాండు పక్కన, తాగుబోతులు, జేబుదొంగలు, బ్లేడ్ బ్యాచ్ అంటూ ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఆ మాటల్లో ఎంతోకొంత నిజం లేకపోలేదు. అక్కడ ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకావిడను అడిగితే నవ్వి, "పేటను అడక్కమ్మా, వీధిని అడుగు. రాత్రి తొమ్మిదింటికి ఆడవాళ్లు నైటీల్లో గుమ్మాల ముందు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న వీధి చూసుకో. హైవే పక్కన కాకుండా రెండు వీధులు లోపలికి రా" అంది. అంత పనికొచ్చే మాట మరెవరూ చెప్పలేదు. ఆవిడ చూపించిన వీధుల్లోనే టు లెట్ బోర్డు ఒకటి కనిపించింది. రెండో అంతస్తు, 8,500, ఓనరు మొదటి అంతస్తులో.

ఇప్పుడు చిక్కు అమ్మతో. బుడమేరుకు భయపడి వచ్చి కృష్ణా నది ఒడ్డునే కాపురమా అంది. న్యాయమే. నేను వాదించి గెలిచేదాన్ని కాదు, కింద పాల ప్యాకెట్లు అమ్మే ముసలామె గెలిపించింది. ఇదివరకు వరద వచ్చినప్పుడల్లా మూటలు కట్టుకుని బయటికి పోయేవాళ్లమనీ, నది వెంబడి గోడ కట్టాక ఆ బాధ తగ్గిందనీ చెప్పింది. 2024లో ప్రకాశం బ్యారేజీ డెబ్బై గేట్లూ ఎత్తి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు కూడా ఆ గోడ కృష్ణలంకను కాపాడింది. అమ్మను గోడకంటే ఎక్కువగా ఒప్పించింది ఇంకొకటి. కృష్ణ చెప్పి వస్తుంది. శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటుకుంటూ రావాలి. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. బట్టలు సర్దుకుని బస్టాండుకు నడిచి ఊరికి బస్సెక్కేంత వ్యవధి ఉంటుంది. బుడమేరు ఆ మర్యాద పాటించదు.

డబ్బు లెక్క కూడా విచిత్రంగా తేలింది. సింగ్‌నగర్ మేడమీద ఇంటికంటే ఇది 1,500 ఎక్కువ. అయితే రాత్రిపూట అక్కడికి షేర్ ఆటోలు పలుచబడతాయి, మామూలు ఆటో 120 దాకా అడుగుతారు. పది పన్నెండు డ్యూటీలకు ఆ తేడాలో సగం దాకా అక్కడే హరించుకుపోతుంది. ఇక్కడికైతే 50, తోటి నర్సు స్కూటీ మీద దింపితే అదీ ఉండదు, అప్పుడు తేడా దాదాపు మొత్తం పోతుంది. ఒకటో తేదీ పింఛను కోసం అమ్మ ఊరికి వెళ్లడానికి బస్టాండు నడక దూరం. అద్దె ఒక్కదాన్నే చూసి ఇల్లు చవక అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. గదులు ఇరుకు, వంటింట్లోకి ఎండ రాదు, తెల్లవారుజామున బస్సుల హారన్లు. ఫ్రిజ్ కొనడం వాయిదా పడింది. రెండు నెలల అడ్వాన్సు, పదకొండు నెలల ఒప్పందం. సంతకం పెట్టే ముందు మెట్ల దగ్గర దీపం, లోపలి నుంచి వేసుకునే గట్టి గడియ, మెట్ల మొదట్లో గ్రిల్ తలుపు అడిగాను. "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా" అన్నారు ఓనరు. దీపం, గడియ వెంటనే పెట్టించారు. గ్రిల్ మాత్రం చూద్దామన్నారు. నేను రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు వాళ్లావిడకు చెప్పి వెళ్తాను, ఆవిడ పడుకునే ముందు ఒకసారి పైకి కేకేస్తారు. ఒప్పందంలో రాసుకోని సౌకర్యం ఇదొక్కటే, అన్నిటికంటే బాగా జరుగుతున్నదీ ఇదే.

వచ్చే నెలతో ఒప్పందం ముగుస్తుంది. ఆయన 9 వేలు అడుగుతున్నారు. గ్రిల్ పెట్టిస్తే 8,800 ఇస్తానన్నాను, లేకపోతే ఇల్లు చూసుకుంటామని కాస్త బెట్టు చేశాను. నిన్న సాయంత్రం అమ్మ కిందికి వెళ్లి, మేము ఎక్కడికీ పోవడం లేదని వాళ్లావిడకు చెప్పి వచ్చిందట.