అయిదు ఓట్ల తేడా

అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ పాలనను సామాన్యుడి యుగమని పొగిడే మాట వినబడినప్పుడల్లా నాకు 1830 మే నెల గుర్తుకు వస్తుంది. ఆస్తి ఉన్నవారికే ఓటన్న నియమాన్ని ఒక్కొక్క రాష్ట్రం సడలిస్తూ తెల్లజాతి పురుషులకు ఓటుహక్కును విస్తరిస్తున్న ఆ రోజుల్లోనే, మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆదివాసులను పశ్చిమానికి తరలించే చట్టాన్ని ప్రతినిధుల సభ 102–97 ఓట్లతో ఆమోదించింది.

ఆ ఆదివాసుల్లో ఒక తెగ అయిన చెరోకీలు ఏమీ తెలియని వారు కారు. ఇంగ్లీషు చదవడం రాని సెక్వోయా 1821 నాటికి వారి భాషకు లిపిని రూపొందించాడు. మన గుణింతంలా కాక, అందులో ప్రతి అక్షరానిదీ వేరే రూపం. 1827లో వారు రాజ్యాంగం రాసుకున్నారు, మరుసటి ఏడాది రెండు భాషల్లో పత్రిక నడిపారు. నాకు తోచినంతలో, వారి నేలను కోరుకున్న జార్జియా రాష్ట్రానికి కంటగింపు అయినది వారి వెనుకబాటుతనం కాదు, ఈ స్థిరత్వమే. పైగా వారి నేలలో బంగారం కూడా బయటపడింది.

చెరోకీ భూమిపై జార్జియా చట్టాలు చెల్లవని 1832లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పినా తరలింపు ఆగలేదు. చెరోకీల ప్రధాన నాయకుడు జాన్ రాస్ సమ్మతి లేకుండా, ఆ భూమిని వదులుకుంటూ 1835లో కొద్దిమంది సంతకం చేసిన ఒప్పందాన్ని, అవసరమైన మూడింట రెండు వంతుల మెజారిటీ ఒక్క ఓటు తగ్గినా దక్కని స్థితిలో సెనేట్ గట్టెక్కించింది. 1838లో సైనికులు ఇళ్ల ముందుకు వచ్చారు. ఆ నిర్బంధ శిబిరాల్లో, ప్రయాణంలో మరణించినవారు సుమారు 4,000 మంది అని సాధారణంగా అంచనా వేస్తారు.