రెండు రాష్ట్రాల లెక్కలో ఒకే ఊరు

"మా వంటిల్లు తెలంగాణలో ఉంది, పడుకునేది మహారాష్ట్రలో" అంటూ ఆ పెద్దాయన నా చేతికి టీ గ్లాసు అందించారు. మాట తెలుగే, యాస మాత్రం మరాఠీ.

ఈ రోజు మహరాజ్‌గూడ వెళ్లాను. కొండల మీద, పత్తి చేల మధ్య చిన్న ఊరు. ఇటు మన కెరమెరి మండలం, అటు చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా. రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే ఊళ్లు అక్కడ 14 ఉన్నాయి. ఎక్కువ మంది మరాఠీవాళ్లే.

జనాభా ఎంత అని అడిగాను. "ఏ రాష్ట్రం లెక్కలో?" అన్నారాయన.

మేకుకు వేలాడుతున్న సంచిలోంచి రెండు రేషన్ కార్డులు తీసి పక్కపక్కన పెట్టారు. ఒకటి తెలుగులో, ఒకటి మరాఠీలో. ఓటరు జాబితాలూ రెండే. 2024లో అటు ఏప్రిల్ 19న, ఇటు మే 13న పోలింగు జరిగింది.

అన్నీ రెండేసి ఉన్నాయని మనం ముచ్చటపడతాం. కానీ తరాలుగా దున్నుతున్న భూమికి చాలామంది దగ్గర పట్టా లేదు. అటవీ భూమి అంటారు. పట్టా లేకపోతే పంట రుణం పుట్టదు. నాకు అదే మింగుడుపడలేదు. ఓటు కోసం రెండు వైపుల నుంచీ వస్తారు కదా, ఆ పట్టా ఇచ్చేది ఎవరో కూడా వాళ్లే తేల్చాలి.