నా మెడలో లేని గొలుసు

మా చర్చిలో నెలకోసారి ప్రభు బల్ల, అంటే యేసు చివరి విందు జ్ఞాపకంగా రొట్టె పంచుకోవడం, ఉంటుంది. రొట్టె ముక్కల పళ్లెం వరుస వెంట వస్తుంది. బాప్తిస్మం పొందినవారు ఒక ముక్క తీసుకొని పక్కవారికి అందిస్తారు, పొందనివారు ఉత్తినే అందిస్తారు. నలభైకి దగ్గరపడేదాకా నేను ఉత్తినే అందించే మనిషిని. పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే. అయితే బాప్టిస్టు సంఘాల్లో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగిన తర్వాత ఎవరికి వారు నమ్మి అడగాలి. నేను అడగలేదు. చదువు, పెళ్లి, పిల్లలు, ఆపైన బ్యూటీ పార్లరు, ఒకదాని తర్వాత ఒకటి సాకులు దొరుకుతూనే ఉన్నాయి. మా పెద్దమ్మాయి తాను బాప్తిస్మం తీసుకుంటానంటూ, "నువ్వే తీసుకోలేదు, నాకేం చెబుతావమ్మా?" అన్న రోజున ఆ సాకులు అయిపోయాయి.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఊరు అటు చేరింది, ఇళ్లలో మాట మాత్రం తెలుగుగానే మిగిలింది. బడిలో నేను చదివింది ఒడియా. తెలుగు అక్షరాలు దిద్దించింది మా సండే స్కూలు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషనరీలు తర్వాతి కాలంలో ఉత్తరంగా ఇక్కడిదాకా వచ్చారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆ ఊళ్లోనే మేము నేటికీ గ్రాంథికపు బైబిలు చదువుతాం, పైగా దాన్ని మారుస్తామంటే ఒప్పుకోం. ఒడియా మాధ్యమంలో చదివిన నేను ఆ తెలుగును కూడబలుక్కుంటూ చదవాల్సిందే. ఆ నిదానం తర్వాత నాకు మేలే చేసింది.

బాప్తిస్మం కావాలని పాస్టరుగారితో చెప్పిన సంగతి ఆ వారంలోనే స్త్రీల సమాజంలో తెలిసిపోయింది. సలహాలు మొదలయ్యాయి. దుద్దులు తీసెయ్యమన్నారు, గాజులు తీసెయ్యమన్నారు, గోళ్లరంగు సరేసరి. ఒకావిడ ఇంకాస్త ముందుకు వెళ్లి, పార్లరు మూసేసి కుట్టుమిషను పెట్టుకోమంది. పార్లరు మూస్తే మా ఇంటి ఖర్చు నడవదు కాబట్టి ఆ ఒక్కటీ వదిలి మిగతావన్నీ చేశాను. ఒక్క సాయంత్రంలో అయిపోయింది. తీసినవన్నీ గుడ్డలో కట్టి బీరువాలో పెట్టాను. ఆదివారం తెల్లచీరలో, బోసి చెవులతో చర్చికి వెళితే, "మనిషే మారిపోయింది, దేవునికి స్తోత్రం" అన్నారు. ఆ మెప్పు తియ్యగానే ఉంది. పళ్లెం ఉత్తినే అందించే మనిషిని ఇన్నేళ్లలో ఎవరూ అంతగా పట్టించుకోలేదు మరి.

బోసి చెవులను ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. మా అమ్మమ్మ చెవులు జీవితాంతం బోసిగానే ఉండేవి. ఆవిడ దాన్ని ఒక్కరి మీదా రుద్దలేదు, ఎందుకని అడిగితే నవ్వి వేరే మాట ఎత్తేది. అలాంటివారిని చూసిన కళ్లతోనే నన్ను నేను చూసుకుంటే తేడా తెలిసేది. అప్పటికి చూసుకోలేదు.

బాప్తిస్మ తరగతులు పాస్టరుగారి ఇంట్లో జరిగేవి. ఆడవాళ్లకు పాఠం చెప్పేది అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య. రక్షణ, పశ్చాత్తాపం, బాప్తిస్మం, సంఘ జీవితం అని వరుస ఉంటుంది. నేను మాత్రం మొదటి రోజే నగల సంగతి అడిగాను. ఆవిడ ముందు పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం తీయించారు. స్త్రీల అలంకారం జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం అనే పైపై సంగతి కాకూడదని అక్కడ ఉంది. "నగలు పాపం అనడానికి ఈ వచనం చూపిస్తారు. ఇదే వచనంలో బట్టలు కట్టుకోవడం కూడా ఉంది కదా, దాన్నేం చేద్దాం?" అన్నారు. తరగతిలో అందరం నవ్వాం.

ఆ తర్వాత వారం వారం బైబిల్లో బంగారం వెంటపడ్డాం. అబ్రాహాము సేవకుడు బావి దగ్గర రిబ్కాకు అరతులం ముక్కుకమ్మి, పది తులాల కడియాలు ఇచ్చాడు. నిర్గమకాండం ముప్పై రెండో అధ్యాయంలో జనం చెవిపోగులు తీసిచ్చి పూజకు బంగారు దూడను చేయించుకున్నారు. మరో మూడు అధ్యాయాలు దాటితే ఆ జనమే ముక్కుకమ్ములు, చెవిపోగులు తెచ్చి దేవుని ఆరాధనకు వేసే ప్రత్యక్ష గుడారం కోసం ఇచ్చారు. ఆ రెండింటి మధ్యలో హోరేబు కొండ దగ్గర దుఃఖంతో నగలు తీసేసినవారూ వాళ్లే. తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు వేలికి తండ్రి ఉంగరం పెట్టించాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది మత్తయి ఆరో అధ్యాయం. ఉపవాసమున్నప్పుడు ముఖం వాడేసుకొని తిరగొద్దు, తలకు నూనె రాసుకొని ముఖం కడుక్కో అంటాడు యేసు. పార్లరు నడిపేదానికి ఇంతకన్నా ఏం కావాలి! ఆ వచనం రాసి అద్దం పక్కన అంటించుకుందామనుకున్నాను.

నా ముఖంలో సంబరం అమ్మగారు పట్టేశారు. "గెలిచినట్టు చూస్తున్నావు. పేతురు మాట సగంలో ఆపేశాం, మిగతాది చదువు" అన్నారు. చదివాను. సాధువైన, మృదువైన గుణమనే చెడిపోని అలంకారం ధరించిన హృదయపు అంతరంగ స్వభావం దేవుని దృష్టికి మిగుల విలువైనదని ఉంది. "అది పెట్టుకున్నావా?" అని అడిగారు. నేను పుస్తకం వైపే చూస్తూ ఉండిపోయాను.

తరగతులు పూర్తయ్యాక సంఘ పెద్దల ముందు కూర్చోవాలి. ఇదేదో కోర్టు అనుకొని భయపడేవారుంటారు, అంత లేదు. ఎప్పుడు నమ్మావు, యేసు నీకు ఎవరు, బాప్తిస్మం వల్ల పాపాలు పోతాయా అని అడుగుతారు. ఆఖరి ప్రశ్నకు బాప్టిస్టుల జవాబు పోవనే. రక్షణ విశ్వాసం వల్ల వస్తుంది, బాప్తిస్మం దానికి అందరి ముందు చెప్పే సాక్ష్యం. ఇవన్నీ గడగడా చెప్పాను. పదవీ విరమణ చేసిన మాస్టారు ఒకరు అంతవరకు మౌనంగా ఉండి, "ఈ సంఘంలో నువ్వు మాట్లాడని మనిషి ఎవరైనా ఉన్నారా అమ్మా?" అన్నారు.

ఊరందరికీ తెలిసిన సంగతే. మా తోటికోడలు చర్చిలో నాకన్నా రెండు వరుసల ముందు కూర్చుంటుంది, మా ఇద్దరికీ ఏళ్లుగా మాటల్లేవు. మా అత్తయ్యకు రెండుపేటల గొలుసు ఉండేది. ఆవిడ ఆస్పత్రిలో ఉండగా అది తోటికోడలి దగ్గరికి చేరింది. అత్తయ్యే ఇచ్చిందని అక్క (తోటికోడలిని అలాగే పిలుస్తాను) అంటుంది. స్పృహలేని మనిషి మెడలోంచి తీసిందని నేను నలుగురిలో అన్నాను. ఆ రోజు ఆస్పత్రి గదిలో నేను లేను.

పెద్దలు నన్ను కాదనలేదు. పాస్టరుగారు మత్తయి ఐదో అధ్యాయం గుర్తుచేశారు. అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరునికి నీ మీద విరోధం ఏమైనా ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలి. "తారీఖు తర్వాత పెడదాం" అన్నారు. ఇంటికి వచ్చి బీరువాలో గుడ్డమూట చూస్తే కోపమొచ్చింది. నా మెడలో ఉన్న బంగారం తీసెయ్యడానికి ఒక సాయంత్రం పట్టింది. నా మెడలో ఎన్నడూ లేని గొలుసు మాత్రం నన్ను వదలడం లేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు తెల్లచీరలోనే వెళ్లాను. అక్క గుమ్మంలోనే నిలబడి నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఈ వేషం ఎవరికి చూపించడానికి?" అంది. వచ్చిన పని చెప్పకుండానే తిరిగొచ్చాను. అమ్మగారి దగ్గర ఏడిస్తే ఓదార్చలేదు. "ప్రేమ ఇమ్మని ప్రార్థించకు, నీకు అది ఎలా ఉంటుందో తెలియదు. ఆమెకు ఏం కావాలో పేరుపెట్టి అడుగు" అన్నారు.

చెప్పడానికి తేలికే. ఆమెకు ఏం కావాలో నాకేం తెలుసు? మాట్లాడి ఏళ్లయింది. తెలియాలంటే ఎవరినో అడగాలి. వాళ్లమ్మాయి అప్పుడప్పుడు చాటుగా త్రెడింగుకు వచ్చేది, దాన్ని అడిగాను. మోకాళ్లు అరిగాయని, రాత్రులు నిద్ర ఉండదని, బావగారి దుకాణం సరిగా సాగడం లేదని చెప్పింది. అవే దేవునికి చెప్పాను. మొదట్లో కిరాణా చీటీ చదివినట్టే చదివాను. ఎంతకాలం అలా చదివానో చెప్పలేను. ఒక రోజు బరంపురంలో మోకాళ్లకు మంచి డాక్టరున్నాడని ఎవరో అంటే, నా బుర్రలోకి ముందుగా వచ్చిన మనిషి అక్క. అది నేను తెచ్చిపెట్టుకున్న ఆలోచన కాదు. యెహెజ్కేలు గ్రంథంలో రాతిగుండె తీసి మాంసపు గుండె ఇస్తానని దేవుడే అంటాడు, మీరు తీసుకోండి అనడు. అలాంటిదేదో కొద్దిగా మొదలైందనుకున్నాను.

డాక్టరు పేరు చెప్పడానికి మళ్లీ వెళ్లాను. ఈసారి పనిచీరలో, చేతులకు గోరింటాకు మరకలతో. పేరు చెప్పి, ఆ వెంటనే, "అక్కా, అత్తయ్య గొలుసు గురించి నేను నలుగురిలో అన్నమాట తప్పు. చూడకుండా అన్నాను" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. టీ ఇచ్చింది. కూలిపోయి కౌగిలించుకున్నామని రాస్తే బాగుంటుంది గానీ, జరిగింది టీ మాత్రమే.

ఈ లోపల పార్లరులో ఒక మార్పు వచ్చింది, ఎవరూ అడగకుండానే. ముఖం పాలిపోయిందని బ్లీచింగుకు వచ్చే పిల్లల్లో కొందరికి రక్తం తక్కువ ఉంటుంది; వాళ్ల ముఖానికి ఎంత రాసినా వారం తిరిగేసరికి పాలిపోతుంది. ముందు కూడా నాకు తెలుసు, అయినా డబ్బు తీసుకొని రాసేదాన్ని. ఇప్పుడు కనురెప్ప లాగి చూసి, ముందు రక్తపరీక్ష చేయించుకొని రమ్మంటున్నాను. నా మనసుకు నేను చేసుకున్నది కూడా ఆ బ్లీచింగే. "తెల్లబడతారు" అని రాసి ఉన్న బోర్డు కూడా తీసేశాను. కొత్త రాజును ఎంచడానికి వెళ్లిన సమూయేలు ప్రవక్త యెష్షయి పెద్దకొడుకు ఎత్తు, రూపం చూసి మురిసిపోతే, మనుషులు పైరూపం చూస్తారు, నేను హృదయం చూస్తాను అన్నాడు దేవుడు. ఆ మాట నమ్ముతూ నల్లపిల్లను కూర్చోబెట్టి తెల్లబరుస్తాననడం నాకే ఎబ్బెట్టుగా తోచింది. రాబడి తగ్గింది, నిజమే. దాన్ని స్త్రీల సమాజంలో ఎవరూ గమనించలేదు, స్తోత్రాలు చెప్పలేదు.

ఇంతలో అక్క కూతురికి పెళ్లి కుదిరింది. ముస్తాబుకు బరంపురం నుంచి మనిషిని పిలుద్దామనుకున్నారట. పిల్ల, "పిన్ని చేతనే చేయించుకుంటాను" అని పట్టుబట్టింది. పెళ్లిరోజు తెల్లపట్టు చీర కట్టి, ముసుగు పిన్నులు పెట్టి అయిపోయాక అక్క ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఉన్నది రెండుపేటల గొలుసు. కొక్కెం వదులైంది, దారం కట్టి పిల్ల మెడలో బిగించాను. గుండెలో మంట రాలేదని చెప్పను, వచ్చింది. నోటిదాకా మాత్రం రాలేదు. పేటలు సరిచేసి, బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది.

ఆ తర్వాత పెద్దలు రెండోసారి పిలిచారు. మాస్టారు ప్రశ్న అడగలేదు, తల ఊపారంతే. వర్షాలు తగ్గాక మహేంద్రతనయలో నాకూ మా అమ్మాయికీ ఒకే ఉదయం బాప్తిస్మం ఇచ్చారు. వెళ్లేవారికి ఒక మాట: నూలుచీర కట్టుకోండి, పవిటకు, కుచ్చెళ్లకు గట్టిగా పిన్నులు పెట్టుకోండి, ఆరిన బట్టలు ఒడ్డున మీవారి చేతికి ఇవ్వండి. నడుంలోతు నీళ్లలో పాస్టరుగారు నమ్ముతున్నావా అని అడుగుతారు, నమ్ముతున్నానన్నాక తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో వెనక్కి ముంచి లేపుతారు. రోమా పత్రిక ఆరో అధ్యాయం ప్రకారం అది పాతిపెట్టబడి లేవడం. పాతిపెట్టినది మళ్లీ తల ఎత్తదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. గొలుసు సంగతి నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది. వచ్చినప్పుడల్లా అక్క మోకాళ్ల గురించి ప్రార్థిస్తాను. ఆవిడ, నేను ఇప్పుడు కూరగాయల ధరలు, పిల్లల చదువులు మాట్లాడుకుంటాం. గొలుసు మాట ఇద్దరం ఎత్తం.

గుడ్డమూట విప్పి దుద్దులు మళ్లీ పెట్టుకున్నాను. స్త్రీల సమాజంలో దీని మీద రెండు పక్షాలున్నాయి, కుట్టుమిషను సలహా ఇచ్చినావిడ నాతో కాస్త ముభావంగా ఉంది. నేనే వెళ్లి పలకరిస్తున్నాను, ఆ ప్రశ్న మళ్లీ ఎదురవకుండా ఉండటానికి. వచ్చే బాప్తిస్మ తరగతిలో ఆడపిల్లలకు పేతురు పత్రిక పాఠం నన్ను చెప్పమన్నారు అమ్మగారు. ఒప్పుకున్నాను. దుద్దులతోనే వస్తానని ముందే చెప్పాను. వచనం సగంలో ఆపకుండా చదివిస్తే చాలన్నారు.