ఇంజన్ సంగతి సరే, కింద చూశారా? పాత చైన్ మిషన్ బాగుచేసిన నా అనుభవం

పాత కోత మిషన్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా చేసేది స్టార్ట్ చేయించి పొగ రంగు చూడడం. నన్నడిగితే అది ఆఖర్న చూడాలి. మా పెరట్లో ఒక చైన్ మిషన్‌ని, అంటే టైర్లకి బదులు రబ్బరు బెల్టుల మీద నడిచే వరికోత మిషన్‌ని, నట్టు నట్టూ విప్పి మళ్లీ బిగించాక చెబుతున్న మాట ఇది. డీజిల్ ఇంజన్ పని తెలిసిన మెకానిక్ మన వైపు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. డబ్బూ ఓపికా మింగేసేవి కింద ఉండే బెల్టులు, వాటి మీద బరువు మోసే రోలర్లు, రోలర్లలోకి నీళ్లు పోకుండా ఆపే సీళ్లు. అక్కడ వంగి చూసేవాళ్లు తక్కువ.

మాది అత్తిలికీ భీమవరానికీ మధ్య ఊరు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటి మీద రెండు పంటలూ వరే. దాళ్వా (రబీ) కోతలకి చేలు ఎండి గట్టిగా ఉంటాయి కాబట్టి టైర్ల మిషన్ చకచకా కోసేస్తుంది, గంట రేటూ తక్కువే. సార్వా (ఖరీఫ్) మాసూళ్లప్పుడే అసలు టెన్షన్. నవంబరు, డిసెంబరుల్లో ఏదో ఒక వాయుగుండం పడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు కోతకొచ్చిన చేలు నీళ్లలో పడుకున్నాయి. యనమదుర్రు డ్రెయిన్ నిండుగా ఉంటే మా పల్లపు చేలల్లో నీరు లాగదు. టైర్ల మిషన్ దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. అప్పుడు ఊళ్లో చైన్ మిషన్ ఉన్నవాడే రాజు, వాడు చెప్పిందే రేటు.

బెల్టుల మీద నడిచే మిషన్ ఎందుకు దిగబడదో కాగితం మీద లెక్క వేసి చూశాను. నేను తెచ్చింది కుబోటా డీసీ-68జీ, 68 హార్స్‌పవర్, బరువు మూడు టన్నుల పైచిలుకు. బెల్టు వెడల్పు 50 సెంటీమీటర్లు. నేల మీద ఆనే పొడవు టేపు పెడితే 1.7 మీటర్లకి అటూ ఇటూగా వచ్చింది. రెండు బెల్టులూ కలిపితే చదరపు సెంటీమీటరుకి పడే బరువు 0.2 కిలోల లోపే. గట్టు మీద నడిచే మనిషి ఒంటికాలి మీద ఉన్నప్పుడు నేలని అంతకంటే ఎక్కువే నొక్కుతాడు. ఈ లెక్క చూపించి మా ఆవిడని ఒప్పిద్దామనుకున్నాను. ఆవిడ షెడ్డులోకి తొంగి చూసి, "ఏమండీ, గొడ్లు పోయాక సావిడి బోసిపోయిందని ఇనప గేదెని తెచ్చి కట్టేశారా?" అని వెళ్లిపోయింది.

నేను డిప్లొమా మెకానికల్ చదివి చాలాకాలం రైస్ మిల్లు మెయింటెనెన్స్‌లో పనిచేశాను. బేరింగులూ బెల్టులూ కొత్తకాదు, ట్రాక్ బండి మాత్రం కొత్త. మే నెలలో, దాళ్వా అయిపోయి కాలువలు కట్టేసిన రోజుల్లో, పక్క ఊళ్లో కొబ్బరిచెట్ల కింద రెండు మూడు వానాకాలాలు తడిసిన మిషన్‌ని పాత ఇనపకొట్టు రేటుకి కొంచెం పైన వేసి కొన్నాను. అది ఒక్క అడుగు కదలలేదు. జేసీబీతో ఎత్తించి లారీలో వేయించాను.

మొదటి పని కడగడం. బైకులు కడిగే ప్రెషర్ పంపుతో అయిపోతుందనుకుంటాం గానీ, మన ఒండ్రుమట్టి ఒకసారి లోపల పట్టుకుని ఎండిందంటే గునపానికి కూడా లొంగదు. రోలర్ల సందుల్లో గోనెసంచులు కుక్కి, రాత్రంతా తడుపుతూ నానబెట్టి, పొద్దున్నే చెక్కతో గోకితే పెళ్లలు పెళ్లలుగా వచ్చింది. ధాన్యం టాంకులో మిగిలిన గింజల కోసం చేరిన ఎలుకలు నూర్పిడి డ్రమ్ములో గూళ్లు పెట్టి, డ్యాష్‌బోర్డు కింద వైరింగుని తురిమేశాయి. సీజన్ అయ్యాక టాంకు అడుగూ, ధాన్యాన్ని తోడే మరల (ఆగర్) గొట్టాలూ ఊడ్చి పెట్టని ప్రతి మిషన్‌దీ ఇదే గతి.

ఎత్తడం దగ్గర జాగ్రత్త కావాలి. నా షెడ్డు నేల మట్టినేల. బాటిల్ జాక్ పెట్టి కొడుతుంటే మిషన్ లేవడానికి బదులు జాక్ దిగుతుంది. కింద దళసరి ఇనపరేకు వేసి, దాని మీద జాక్ పెట్టి, కొంచెం కొంచెం లేపుతూ తాటిదూలం ముక్కలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పేర్చుకుంటూ వచ్చాం. జాక్ మీద నిలబెట్టిన బండి కిందకి దూరకూడదు. దూలాల మీద కూర్చోబెట్టాకే ఎవరైనా చెయ్యి పెట్టాలి.

బెల్టు ఊడదీయాలంటే దాన్ని బిగువుగా పట్టి ఉంచే వెనక ఐడ్లర్ చక్రాన్ని ముందుకి లాగాలి. ఆ చక్రాన్ని వెనక్కి నెట్టి పట్టుకునేది ఒక పొడుగాటి మరల రాడ్డు. ఆ మరలు తుప్పు పట్టి ఒకటైపోయాయి. డీజిల్ పోసి నానబెట్టాం, సుత్తితో కొట్టాం, రెంచికి గొట్టం తగిలించి ఇద్దరం వేలాడాం. మామూలుగా అయితే గ్యాస్‌తో ఎర్రగా కాల్చి తిప్పుతాం, కానీ జానెడు దూరంలోనే రబ్బరు బెల్టు ఉంది. డీజిల్ కూడా రబ్బరుకి మంచిది కాదు, అందుకని గుడ్డలు అడ్డం పెట్టి చుక్కలు చుక్కలుగా పోయాల్సి వచ్చింది. చివరికి తడి గోనెలు, రేకు అడ్డం పెట్టి రాడ్డునే కోసేశాం. కొత్తది ఈఎన్8 రకం ఉక్కు కడ్డీ నుంచి భీమవరంలో లేత్ మీద తీయించాను. పాత ముక్క పట్టుకెళ్తే లేత్ మేస్త్రి మరలు వేలితో తడిమి, "ఆయ్, ఇది గ్రీజు మొహం చూసి ఎన్నాళ్లయిందండి?" అన్నాడు. కొత్తది బిగించేటప్పుడు మరలనిండా గ్రీజు రాసి, పైన పాత ట్యూబు ముక్క తొడిగి వైరుతో కట్టేశాను. ఇప్పుడు చేత్తో తిరుగుతోంది.

ఇక రోలర్లు. బెల్టు తీశాక ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి. కొన్ని గరగరమన్నాయి, కొన్ని అటూ ఇటూ ఊగాయి, ఒకటైతే అసలు తిరగనే లేదు, బెల్టు దాని మీద రాసుకుంటూ పోయి ఒక పక్క చదునుగా అరిగిపోయింది. ఆ రోలర్‌ని బల్ల మీద పెట్టి విప్పాను. మూత తీయగానే గ్రీజుకి బదులు బూడిదరంగు మెత్తటి బురద. బేరింగు గోళాలు గుంతలు పడి ఉన్నాయి. సీల్ పెదవి ఎందుకు తెగిందా అని ఇరుసు చుట్టూ గోరుతో గీకితే గడ్డి పీచు, దాని కింద ఇంకేదో గట్టిగా తగిలింది. బ్లేడుతో కోస్తే సన్నటి నైలాన్ దారం, చుట్లు చుట్లుగా, వేడికి కరిగి ఉంగరంలా గడ్డకట్టి ఉంది. చేపల చెరువుల మీద పిట్టలు వాలకుండా కట్టే దారమే. తెగిన ముక్కలు గాలికి గట్ల పక్క చేలల్లో పడతాయి. ఒక ముక్క ఇరుసుకి చుట్టుకుందంటే ప్రతి తిరుగుడుకీ సీల్ కిందకి చొచ్చుకుపోతుంది. సీల్ తెగితే నీళ్లు, నీళ్లతో పాటు మట్టి. ఇంత బండిని పడుకోబెట్టింది ఆ దారమే.

బేరింగుల విషయంలో ఒక ఉపాయం తెలిసుంటే చాలా డబ్బు మిగులుతుంది. కంపెనీ పార్టు నంబరుతో అడిగితే ఆర్డర్ పెట్టాలంటారు. పాత బేరింగుని కడిగి అంచు మీద చెక్కిన అంకె చూడండి. 6306 లాంటిది కనిపిస్తుంది. చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత, అంటే 30 మిల్లీమీటర్లు. ఆ అంకె చెబితే ఏ బేరింగుల షాపులోనైనా ఇస్తారు. ఆయిల్ సీల్ మీద కూడా లోపలి కొలత, బయటి కొలత, మందం వరసగా రాసి ఉంటాయి. దొరకని కొన్ని సీళ్ల కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడ కొట్టు కొట్టుకీ ధర మారుతుంది. చవక సీల్ మాత్రం కొనకండి. అన్ని రోలర్లూ మళ్లీ ఊడదీయడం కన్నా మంచి సీల్‌కి పెట్టే డబ్బు తక్కువ. కొత్త సీల్ దిగే చోట ఇరుసు మీద గాడి పడి ఉంటే అంతా వృథా. అలాంటి ఇరుసుల్ని లేత్ మేస్త్రి వెల్డింగుతో నింపి, మళ్లీ కొలతకి తీసి నున్నగా చేశాడు.

బెల్టుని తిప్పే ముందు పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, పళ్లు ఒకవైపు కొక్కెంలా వంగిపోయాయి. అలాంటి దాని మీద కొత్త బెల్టు ఎక్కిస్తే లోపలి ఇనప కోర్లని నాశనం చేస్తుంది, అందుకని అవీ మార్చాను. రోలర్లు బిగించే ఫ్రేము బోలుగా ఉంటుంది, లోపల చేరిన మట్టి తడిని పట్టి ఉంచి లోపలి నుంచే తినేసింది. పైకి పెయింటు బాగానే ఉంటుంది, సుత్తితో తడితే డొల్ల చప్పుడు. చెడిన చోట కోసి ఆరు ఎంఎం ప్లేటు వేసి వెల్డ్ చేశాం. సాయంత్రాలు వోల్టేజి పడిపోయి రాడ్డు అతుక్కుపోతుంటే ఆ పనంతా తెల్లవారుజామున పెట్టుకున్నాం. ఫ్రేముకి అడుగున నీళ్లు కారడానికి రంధ్రాలు కూడా వేశాను.

ఇంజన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎయిర్ క్లీనరులో కందిరీగలు గూడు పెట్టాయి. డీజిల్ టాంకు అడుగున నల్లటి జిగురు. టాంకు దింపి కడిగి, ఫిల్టర్లు మార్చి, ఇంజెక్టర్లు తణుకులో పంపు షాపుకి ఇచ్చి స్ప్రే చూయించాను. ఇంజెక్టర్లు తీసిన రంధ్రాల్లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి, రెండు రోజులు ఆగి, పుల్లీ పట్టుకుని చేత్తో తిప్పితే బిగుసుకోకుండా తిరిగింది. ఇంజెక్టర్లు బిగించి, పంపు కొట్టి ఎయిర్ తీశాక, కొంచెం సతాయించి స్టార్టయింది. తెల్లపొగ కాసేపట్లో పోయింది. నడక ఇచ్చే హైడ్రాలిక్ గేరు పెట్టెలో ఆయిల్ పాలరంగులో ఉంది, అంటే నీళ్లు కలిశాయి. పాతది పూర్తిగా తీసి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్‌తో కాసేపు నడిపి, అదీ తీసేసి మళ్లీ పోశాను. ఇక్కడ పిసినారితనం పనికిరాదు, ఆ పంపు పోతే మిషన్ ధరే పోయినట్టు.

బెల్టుల్లో ఒకటి బాగానే కనిపించింది, రెండోదానికి పగుళ్లలోంచి ఉక్కు తీగలు బయటపడ్డాయి. తీగ కనిపించిందంటే నీరు లోపలికి పోయి తుప్పు పట్టినట్టే, ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఒక్కటి మార్చితే చాలన్నారు చాలామంది. పాతది సాగి ఉంటుంది, కొత్తది ఉండదు, మిషన్ ఒక పక్కకి లాగుతుంది. జతే కొన్నాను. ఆ జత ఖరీదు మిషన్ కొన్న ధరలో సగం దాటింది. సైజు బెల్టు మీదే ఉంటుంది: వెడల్పు, పిచ్ (లింకుకీ లింకుకీ మధ్య దూరం), ఎన్ని లింకులు. నాదాని పిచ్ 90 మిల్లీమీటర్లు. ఎక్కించేటప్పుడు ముందు స్ప్రాకెట్‌కి తగిలించి, వెనక ఐడ్లర్ మీదకి గునపాలతో నెట్టాలి. వేళ్లు లోపల పెట్టకూడదు, పక్కవాడితో కబుర్లు అసలే వద్దు. బిగింపు మాన్యువల్‌లో ఉన్నంతే ఉండాలి. మరీ బిగిస్తే బేరింగులూ బెల్టు తీగలూ చస్తాయి, వదులైతే బురదలో తిప్పేటప్పుడు బెల్టు జారిపోతుంది. కొత్త బెల్టు కొన్ని గంటలు నడిచాక సాగుతుంది, అప్పుడు మళ్లీ చూసుకోవాలి.

నవంబరులో వానపడ్డాక మా పల్లపు చేలోకి దించాను. గట్టు దిగేటప్పుడు గుండె దడదడలాడింది గానీ, బెల్టు ముద్రలు నాలుగు వేళ్ల లోతు దాటలేదు. ఒక్కచోటే నిలబెట్టి గిర్రున తిప్పకుండా, ముందుకీ వెనక్కీ ఆడుతూ వెడల్పుగా తిప్పుకోవాలి. గిర్రున తిప్పితే బెల్టు లోపలికి మట్టి ఎక్కేస్తుంది. పడిపోయిన చేను ఏ వైపు వాలిందో దానికి ఎదురుగా వెళ్లి, ముందు తిరుగుతూ పైరుని లోపలికి లాగే రీల్‌ని బాగా కిందకి దించితే కంకులు పైకి లేచి కట్టర్‌కి అందుతాయి. వాలిన వైపే పోతే సగం పంట బెల్టు కిందే ఉంటుంది. మా చేను అయ్యాక పక్కన మా బాబాయిది కూడా కోశాను. డబ్బులివ్వబోతే డీజిల్ పోయిస్తే చాలన్నాను, ఆయన డీజిలుతో పాటు ఓ బస్తా బియ్యం పంపించాడు.

ఇప్పుడు రోజూ కోత అవగానే బోదె దగ్గర ఆపి, మట్టి ఆరకముందే ఇంజన్ పంపుతో కింద కడుగుతున్నాను. ప్రతి ఇరుసూ వంగి చూసి గడ్డీ దారం లాగేస్తున్నాను. పెయింటు జోలికి పోలేదు. రేకులు ఇంకా సొట్టలతోనే ఉన్నాయి, చూసినవాళ్లు బాగుచేశావా లేదా అని అడుగుతూనే ఉన్నారు. ధాన్యం పైకి తోడే ఆగర్ రెక్క అంచులు అరిగిపోయి టాంకు ఖాళీ అవడానికి ఎక్కువ సేపు పడుతోంది. దాళ్వా కోతల్లోపు ఆ రెక్కలకి కొత్త ప్లేటు చుట్టించడానికి కొలతలు లేత్ మేస్త్రికి ఇచ్చి వచ్చాను.